‘ట్రైబ్’ అనే మాటకి సిగ్గెందుకు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ఈ మధ్య మనవాళ్ళే కొందరు "ట్రైబ్ అంటే అడవి మనిషి, ఆ మాట మనకొద్దు" అంటున్నారు. అప్లికేషన్‌లో ఎస్టీ గడి నింపేటప్పుడు పక్కవాడు చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది.

ఆ మాట పుట్టింది అడవిలో కాదు, రోమ్ నగరంలో. లాటిన్‌లో ‘ట్రిబుస్’ అంటే రోమ్ పౌరుల విభాగం. అలాంటివి 35 ఉండేవి. పౌరులు ఓటు వేసింది వాటి లెక్కనే. ట్రిబ్యునల్, కాంట్రిబ్యూషన్ కూడా ఆ వేరు నుంచి వచ్చినవే. ఇంగ్లీషు బైబిల్‌లో ఇశ్రాయేలు 12 గోత్రాలకీ ఇదే మాట. అది చదివి ఎవరూ సిగ్గుపడరే!

మరి చెడ్డ అర్థం ఎవరు పెట్టారు? మనల్ని ఏలినవాళ్ళు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని జాతులకి పుట్టుకతోనే దొంగలని ముద్ర కొట్టారు. ఎరుకల వాళ్ళని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో చట్టం పోయింది. చూపు పోయిందా?

లేదు. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ ట్రైబ్‌కి కొలతలు చెప్పింది. ప్రత్యేక సంస్కృతి, విడిగా బతకడం సరే. కానీ ఆదిమ లక్షణాలు, బయటివాళ్ళతో కలవడానికి బిడియం కూడా ఆ లిస్టులో ఉన్నాయి! మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. రేపు సెమినార్‌లో ధైర్యంగా మాట్లాడితే నేను ట్రైబల్ కాకుండా పోతానా?

తప్పు మాటది కాదు, కొలతది. కొలత మార్చమని అడగాలి. మాట వదిలేస్తే నష్టం మనకే. 342వ అధికరణ, 5వ షెడ్యూల్, మన భూమిని కాసే 1/70 చట్టం, అన్నీ ఆ మాట మీదే నిలబడ్డాయి. సిటీలో డబ్బున్నోళ్ళు ట్రైబల్ టాటూ, ట్రైబల్ ప్రింట్ అని ఎగబడి కొంటున్నారు. వాళ్ళకి ఫ్యాషన్, మనకి సిగ్గా?

ఇంట్లో కోయ, సవర, చెంచు, కొండరెడ్డి అని మన పేరుతోనే పిలుచుకుందాం. ఆదివాసీ అని గట్టిగా అందాం. కానీ ఫారం మీద ఆ గడిని దాచొద్దు. 1946లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, జంగ్లీ అని పిలిపించుకోవడం తనకి గర్వమే అన్నాడు. తిట్టుని అంతమంది ముందు గర్వంగా ఎత్తిపట్టిన మనిషి వారసులం మనం. చెయ్యి అడ్డం తీసెయ్యండి.

జోహార్.