నోరు కట్టుకోలేకనేనా?

మన ఇళ్ళల్లో కాస్త ఒళ్ళు చేసిన ఆడపిల్లకి సలహా చెప్పే హక్కు అందరికీ ఉంటుంది. పెళ్ళిలో ఎదురుపడిన మేనత్త దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా ఒకటే మాట, "కాస్త నోరు కట్టుకోవే తల్లీ" అని. ఆ మాట అనేముందు 1980లలో అమెరికాలోని శాండియాగోలో జరిగిన ఒక సంగతి అందరూ తెలుసుకుంటే బాగుండునని నాకనిపిస్తుంది.

అక్కడ విన్సెంట్ ఫెలిటీ అనే డాక్టరుగారు బాగా లావుగా ఉన్నవాళ్ళకి బరువు తగ్గించే కార్యక్రమం నడిపేవారు. వింతేమిటంటే, మధ్యలో మానేసి వెళ్ళిపోయేవాళ్ళలో చాలామంది చక్కగా తగ్గుతున్నవాళ్ళే! ఒకావిడ ఏడాదిలో 185 కిలోల నుంచి 60కి వచ్చింది. ఆ తర్వాత మూడు వారాల్లోనే 17 కిలోలు పెరిగిపోయింది. రాత్రిళ్ళు నిద్రలోనే లేచి తినేస్తోందిట, పొద్దున్న వంటింట్లో ఎంగిలి గిన్నెలు చూస్తే గానీ తనకే తెలిసేది కాదు. తరిచి అడిగితే తేలిందేమిటంటే, పనిచేసే చోట ఒక పెళ్ళయిన పెద్దమనిషి, సన్నబడ్డావంటూ చనువు తీసుకోబోయాడు. ఇంకా అడిగితే, చిన్నప్పుడు సొంత తాతే ఆమెని లైంగికంగా హింసించాడని బయటపడింది.

అంటే మనందరం కరిగించుకోమని చెప్పే ఆ ఒళ్ళు ఆమె కట్టుకున్న గోడ. గోడ పడిపోగానే భయం వచ్చేసింది.

మిగతావాళ్ళని అడిగితే ఇలాంటి కథలు ఒకటి కాదు, ఎన్నో. దాంతో ఆయన రాబర్ట్ ఆండా అనే మరో డాక్టరుతో కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్ళని వాళ్ళ చిన్నతనం గురించి అడిగారు. 1998లో మొదటి ఫలితాలు అచ్చయ్యాయి. చిన్నప్పటి దెబ్బలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక రోగాలు కూడా అంత ఎక్కువగా కనబడ్డాయి. లావుగా ఉన్న ప్రతివాళ్ళ వెనకా ఇలాంటిదే ఉంటుందని కాదు సుమండీ. థైరాయిడ్ ఉంటుంది, కాన్పులుంటాయి, వంశం ఉంటుంది.

పసిబిడ్డకి పాలూ ధైర్యమూ ఒక ఒడిలోంచే వస్తాయి. భయమేస్తే పరిగెత్తుకెళ్ళడానికి పిల్లలకి ఒక మనిషి కావాలని ఇంగ్లండు డాక్టరు జాన్ బౌల్బీ జీవితమంతా చెప్పారు. ఆ మనిషే భయపెడితే? అన్నం తిట్టదు, కొట్టదు, ఎప్పుడు వెళ్ళినా వంటింట్లో ఉంటుంది. కొందరు దొంగచాటుగా తింటారు. కొందరు తిన్నదంతా వేలు పెట్టుకుని కక్కేస్తారు. కొందరు ముద్దే ముట్టరు.

"అయితే తల్లి పెంపకం సరిగా లేదన్నమాట" అంటారు వెంటనే. అది మాత్రం నేనొప్పుకోను. ఏం జరిగినా తిరిగి తిరిగి అమ్మ మీదికే రావాలా? తిండి మానేసి ఎండిపోయే అనొరెక్సియా జబ్బుకి కూడా ఒకప్పుడు తల్లులనే దోషుల్లా చూసేవారు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వాళ్ళు 1980లలో దాన్ని తిరగేశారు. అమ్మానాన్నలనే పక్కన కూర్చోబెట్టి పిల్లకి తినిపించే పని అప్పజెప్పారు. ఇప్పుడు ఆ వయసు పిల్లలకి చాలా చోట్ల ముందుగా చెప్పే వైద్యం ఇదే. కాకపోతే బాధపెట్టినవాడు ఆ ఇంట్లోనే ఉంటే ఇది నడవదు, ముందు పిల్లకి రక్షణ కావాలి.

ఉత్త డైట్ చార్టుతో ఇవి తగ్గవు. ఎవరినీ నమ్మడం అలవాటు లేని మనిషికి డాక్టరు మీద నమ్మకం కుదరడానికే నెలలు పట్టొచ్చు. నాలుగుసార్లు వెళ్ళి మానేసిందని విసుక్కోకండి. అలాగని ఒంటిని వదిలేయడానికీ లేదు. పదేపదే కక్కుకుంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, అందుకని మనసు డాక్టరుతో పాటు మామూలు డాక్టరూ ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం వారి టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. చిన్నపిల్లల విషయమైతే 1098.

ఈసారి పెళ్ళిలో మీ మేనకోడలు ప్లేటు ముట్టకుండా కూర్చున్నా, మూడోసారి వడ్డించుకున్నా ప్లేటు వైపు చూడకండి. ఏ చుట్టం వస్తే ఆ పిల్ల గదిలోంచి బయటికి రావడం లేదో చూడండి.