పచ్చచుక్క చెప్పని సంగతి

అనాసరసంతో తీపీ కారమూ కలిసి నిగనిగలాడే చికెన్‌ను ఇప్పుడు పిల్లలు ఇంట్లోనూ కోరుతున్నారు. అమ్మలు మధురానగర్ సూపర్ మార్కెట్లలో అందుకు తగిన సాసు వెతుకుతారు. లేబులు మీద పచ్చచుక్క కనిపించగానే నిశ్చింతగా బుట్టలో వేసుకుంటారు. సోదరీమణులారా, ఆ చుక్క అందులో మాంసం లేదని తెలుపుతుందే గాని, మద్యం లేదని తెలుపదు. జపాను తెరియాకి సాసులో ‘మిరిన్’ అనే తీపి బియ్యపు మద్యం కలపడం సంప్రదాయం. కొన్ని సోయా సాసులలోనూ ఆల్కహాలు చేరుస్తారు. కోడి జబీహా అయినంత మాత్రాన దానికి పూసే సాసు హలాల్ అయిపోదు గదా! సన్నని అక్షరాలలోని పదార్థాల పట్టిక చదవవలసిందే.

నిజానికి ఆ సీసా అవసరమే లేదు. బెల్లమూ చింతపండూ మన దక్కనీ ఖట్టా-మీఠాకు పాతకాపులే. కప్పు అనాసరసం, 50 గ్రాముల బెల్లం, 2 చెంచాల చింతపండు గుజ్జు, చెంచాడు కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి, ఉప్పు కలిపి, గరిటెకు అంటుకునేంత చిక్కబడేదాకా మరిగించండి.

అనాసతో ఒక చిక్కుంది. పచ్చిరసంలోని బ్రోమెలైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. రాత్రంతా అందులో నానిన ముక్క ముద్దయిపోతుంది. మరిగిన రసానికి ఆ గుణముండదు. కనుక అరకిలో ఎముకలేని తొడ ముక్కలకు అల్లంవెల్లుల్లి, ఉప్పు మాత్రమే పట్టించి అరగంట ఉంచండి. తరువాత కొద్ది నూనెలో లోపలిదాకా ఉడికేట్టు వేయించండి. పాకం చివరి 3 నిమిషాలలోనే పోయాలి. ముందే పోస్తే ముక్క ఉడకకముందే బెల్లం మాడి చేదెక్కుతుంది. వేడి ఖుష్కాతో వడ్డించండి; పక్కన నిమ్మచెక్క ఉంటే మరీ మంచిది.