మొదట వినవలసినవారు

మన్యములోని పెక్కు గూడెములకు రోడ్డు రాకమునుపే టవరు వచ్చినది. 2023 జూన్‌లో రాష్ట్రమున ఒకేసారి ప్రారంభమైన నూరు సెల్ టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అది మేలే. పురిటినొప్పులు పడు తల్లికి అంబులెన్సును పిలువవచ్చును; కాఫీ గింజల ధర తెలిసికొనవచ్చును. కాని ముఖమెరుగని మోసగాడును ఆ దారినే అరకు కొండ ఎక్కగలడు. స్నేహమని నమ్మించి ఫొటో అడుగును. అది చేతికి చిక్కిన పిదప నలుగురికి చూపెదనని బెదిరించి మరొకటి, ఆపై డబ్బు, తుదకు బాలికనే కోరును. ఆశ్రమ పాఠశాలలో చదువు బాలిక ఆ బెదిరింపు వచ్చిన రాత్రి ఎవరితో చెప్పుకొనవలెను? ఈ ప్రశ్నకు స్థానిక పాలన బదులు చెప్పవలసియున్నది.

చట్టములకు కొరత లేదు. బాలల అసభ్య చిత్రములను తయారుచేయుట, పంచుట, వెదకి చూచుట సమాచార సాంకేతిక చట్టములోని 67బి సెక్షను క్రింద నేరములు. నేరము తెలిసియు చెప్పనివారిని 2012 నాటి పోక్సో చట్టము శిక్షించును. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, ఇట్టివానిని ‘బాలల అశ్లీల చిత్రములు’ అనరాదనియు, ‘బాలలపై లైంగిక దోపిడి, అత్యాచార సామగ్రి’ అనవలెననియు చెప్పినది. మాట మారుట చిన్న విషయము కాదు. అశ్లీలమన్నచో బొమ్మలోని బాలికకును సిగ్గు అంటుకొనును. దోపిడి అన్నచో ఆ సిగ్గు దోచినవానిది.

అయితే ఆ మాట ఏ భాషలో బాలికకు చేరును? అరకు చుట్టుపట్ల కువి, ఆదివాసీ ఒరియా మాటలాడు ఇండ్లు ఎన్నో కలవు. అర్థము కాని భాషలో ఫిర్యాదు వ్రాసికొనునపుడు బిడ్డకు దుబాసీని సమకూర్చవలెనని పోక్సో చట్టపు 19వ సెక్షను విధించినది. దుబాసీని వెదకులోపల ఆ బొమ్మ ఎన్ని ఫోనులకు చేరునో!

మొదటి అడుగు తప్పినచో ఏమగునో ఈ కొండలకు తెలియనిది కాదు. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదునొకండుగురు కోందు స్త్రీలు పోలీసులపై అత్యాచార ఆరోపణ చేసిరి. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక న్యాయస్థానము నిందితులను నిర్దోషులుగా విడుదల చేయుచు, దర్యాప్తు సరిగా సాగలేదని పేర్కొని, ఆ స్త్రీలకు పరిహారము ఇయ్యవలెనని ఆదేశించినది. ఆ వ్యవహారము వేరు, పాఠము ఒకటే. మొదటి దినములలో జారవిడిచిన సాక్ష్యమును పదియేండ్ల పిదప ఎవ్వరును తేలేరు.

ఆడపిల్ల చేతి ఫోను లాగికొనుటయే మందని కొందరు పెద్దలందురు. బెదిరించువానికి అంతకన్న మేలు చేయువారు లేరు. చెప్పినచో ఫోను పోవును, చదువు మానిపింతురు అను భయమే బాలిక నోరు నొక్కును. ఆ మౌనమే వాని పెట్టుబడి. తప్పు కట్టించి తగవు తీర్చుటయు పరిష్కారము కాదు. 1996 నాటి పెసా చట్టము గ్రామసభ ఆచారములకు గౌరవమిచ్చినది. నేరమును కప్పిపుచ్చు అధికారమును ఈయలేదు.

అరకులో నగరపాలక సంస్థ లేదు. కావున పంచాయతీలును పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు ఈ బాధ్యత వహింపవలెను. ప్రతి పంచాయతీలో, ప్రతి బాలికల వసతిగృహములో, ఆ చోటి భాష తెలిసిన ఒక స్త్రీకి శిక్షణ ఇచ్చి, ఆమె పేరు అందరికి తెలియజేయవలెను. ఫోనులోని సందేశములను చెరిపివేయరాదనియు, సైబరు నేరములకు 1930, బాలల రక్షణకు 1098 అను నంబరులు ఉన్నవనియు వారపు సంతలో దండోరా వేయించవలెను. చదువుకై కొండ దిగిన బాలికలకు ఇట్టి ఏర్పాటు విశాఖ నగరపాలక సంస్థ విధి.

గోప్యత అన్నిటికన్న ముఖ్యము. పోక్సో చట్టము బాధితురాలి పేరును, ఊరిని పత్రికలలో వెల్లడింపరాదన్నది. ఇరువది గడపల గూడెములో ఊరి పేరు చెప్పిన చాలును, బిడ్డ పేరు చెప్పినట్లే.

టవరు నెలకొల్పుటకు కొండమీద చోటు చూచిన ప్రభుత్వము, బిడ్డ మాట వినుటకు ఒక మనిషిని చూపలేదా? వినువారు ఉన్నారని తెలిసిననాడే బిడ్డ నోరు విప్పును. ఆమె నోరు విప్పిననాడే చట్టమునకు పని కలుగును.