మొలలోని పిస్తోలు

ఒకనాటి ఉదయమున, కోర్టు పిలుపునకు గంట ముందు, ఒక కక్షిదారు మా కార్యాలయమునకు వచ్చి, తలుపు తానే దగ్గరగా వేసి, చొక్కా పైకెత్తి, మొలలోనుండి నాటు పిస్తోలు నొకదానిని తీసి మా బల్లమీద వకాల్తు కాగితముల నడుమ నుంచెను. ఇది కొన్నేండ్ల క్రిందటి మాట. అతడు హతుడైన యొక రైతునకు తమ్ముడు. హత్యను కన్నులార చూచినవాడు. ఆనాడు సెషన్సు కోర్టులో అతని సాక్ష్యము జరుగవలసి యుండెను. అనంతపురమునకు 30 మైళ్ల దూరమున మిట్టనేల, ఎండిన బోరు, విత్తనపు ఖర్చయినను తిరిగి రాని వేరుసెనగ చేను, ఇవి యతని ఆస్తి. అట్టివాడు అప్పు చేసి కొనిన వస్తువది.

"లోపలికి తీసుకపోతే జైల్లో ఏస్తారు. ఈడ ఇడిసిపెట్టి పోతే సాయంత్రం దావలో సంపుతారు. ఏం జేయల్ల సామీ?" అని యడిగెను.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. చట్టము తెలియక కాదు. లైసెన్సు లేని తుపాకిని దగ్గర నుంచుకొనుట 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి నేరము. 2019లో ఆ చట్టమును సవరించినపుడు ఇట్టి నేరమునకు శిక్షను హెచ్చించి, తక్కువలో తక్కువ 2 సంవత్సరములు, ఎక్కువలో ఎక్కువ 5 సంవత్సరములు కారాగారమని విధించిరి. సాయంత్రమువరకు దానిని మా బీరువాలో నుంచుమని అతడు కోరెను. ఉంచినచో ఆ నేరము మాదగును. అంతటితో తీరలేదు. ఆ చట్టమునందే 36వ సెక్షను గలదు: ఇట్టి నేరము జరిగినట్లు ఎరిగిన ప్రతివాడును, తగిన కారణము చూపగలిగిననే తప్ప, దగ్గరి పోలీసు స్టేషనులో దానిని తెలుపవలెను. మరొకవైపున, కక్షిదారు నమ్మి చెప్పిన మాటను వకీలు బయట పెట్టరాదని అప్పటి సాక్ష్య చట్టపు 126వ సెక్షను చెప్పుచుండెను. 2024 జూలైలో అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో అదియే 132వ సెక్షను. ఆ రక్షణకును మినహాయింపులు గలవు. చట్టవిరుద్ధమైన పనిని సాగించుటకై చెప్పిన మాటకు ఆ మరుగు లేదు. వకీలుగా కుదిరిన పిమ్మట జరిగిన నేరమును వకీలు తన కంట చూచినప్పుడును లేదు. ఈ సెక్షనుల నడుమ ఆ పిస్తోలు మా బల్లమీద పడియుండెను. కాఫీ తెచ్చిన కుర్రవాడు తలుపు తట్టగా, మేము గబగబ ఆనాటి దినపత్రికను దానిపై కప్పితిమి. దాచువాని గుండె యెట్లు కొట్టుకొనునో ఆ క్షణమున మాకును తెలిసివచ్చెను.

లైసెన్సు తీసికొనరాదా యని పట్టణవాసులు అడుగుదురు. లైసెన్సు పొందుట ఆ రైతువంటివానికి ఎంత సులభమో కలెక్టరు కచ్చేరి మెట్లెక్కి దిగినవారికి వేరుగ చెప్పనక్కర లేదు. పొందినాడనియే అనుకొందము. ఆ లైసెన్సుమీద ముద్రించిన షరతులు చదివినవారెందరు? ప్రాణరక్షణకై ఇచ్చిన తుపాకినైనను, జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప, జాతరకుగాని, మతసంబంధమైన ఊరేగింపునకుగాని, బహిరంగ సమావేశమునకుగాని, విద్యాలయపు ఆవరణములోనికిగాని తీసికొనిపోరాదు. ఈ షరతు మీరినవానికి 6 మాసముల వరకు ఖైదు, లేక 2,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అనగా కదిరి నరసింహస్వామి రథము కదలునాడును, గూగూడు కుళ్లాయిస్వామి పీర్లు లేచునాడును, కుమార్తెను బడిలో చేర్పించు నాడును అతడు ఆయుధము నింట నుంచియే బయలుదేరవలయును. ఇక ఎన్నికలు వచ్చినపుడు, అనగా పల్లెలో పాత పగలన్నియు ఒక్కమారుగా కన్ను తెరచు దినములలో, లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగింపుమని ఉత్తరువు వచ్చును. మనుష్యులు గుమిగూడిన చోటనే హంతకుడును వెదకుకొనును. మనుష్యులు గుమిగూడిన చోటనే ఆయుధము నిషిద్ధము.

ఈ నిషేధము తప్పని మేమనము. జనసమూహములో పేలిన గుండు తన గురి యెవరని విచారింపదు. అమెరికాలో 2022వ సంవత్సరమున అచ్చటి సుప్రీముకోర్టు, ఇంటివెలుపల పిస్తోలు ధరించుట పౌరుని హక్కని తీర్పు చెప్పెను. ఆ వెంటనే న్యూయార్కు రాష్ట్రము బడులు, దేవాలయములు, రైళ్లు మొదలగు చోట్లకు ఆయుధములు తేరాదని క్రొత్త శాసనము చేసికొనవలసివచ్చెను. హక్కు ఇచ్చిన చోటను గీత గీయక తప్పలేదు.

అయితే ఆ రైతు ప్రశ్న నిషేధమును గూర్చినది కాదు. దావను గూర్చినది. వాకిట వెదకువారు గలరు. దావలో కాచువారు లేరు.

మొలలో పిస్తోలున్నచో అతడు దావలో బ్రతుకునా? ఈ జిల్లా చరిత్రను ఎరిగినవారు ఆ ప్రశ్నకు ఔనని చెప్పజాలరు. 2005 జనవరి 24వ తేదీన అనంతపుర పట్టణమునందే, పట్టపగలు, పార్టీ కార్యాలయములో, పెనుకొండ శాసనసభ్యుడును మాజీ మంత్రియునగు పరిటాల రవీంద్రను కాల్చి చంపిరి. ఆయన తుపాకులు పట్టిన అంగరక్షకులు లేక అడుగు వేసినవాడు కాడు. 2011 జనవరి 3వ తేదీన హైదరాబాదులో మద్దెలచెరువు సూరి తన కారులోనే, తన వెంట తిరిగిన అనుచరుని చేతి తుపాకికే బలియయ్యెను; ఆ అనుచరునికి 2018లో న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించెను. ఈ యిరువురును పరస్పరము ఎట్టివారో లోకమెరుగును. ఎవరి పక్షము ధర్మమను విచారణ ఇచ్చట మాకు పని లేదు. ఇరుపక్షముల వారికిని తుపాకుల కొదువ లేదు. చంపదలచినవాడు క్షణమును తానే యెన్నుకొనును. చావగలవాడు ఆ క్షణమేదో ఎరుగక ప్రతిక్షణమును మొల తడవుకొనుచుండును. పూర్వపు కక్షలలో వేటకొడవలి పట్టినవాడు నూరు గజముల దూరముననే కనబడెడివాడు. పరుగెత్తుటకైనను వ్యవధి యుండెడిది. దాచిన పిస్తోలు ఆ వ్యవధిని గూడ మ్రింగినది.

ఆ రైతును కూర్చుండబెట్టి మేము కొంత విచారించితిమి. పిస్తోలు కొనిన నాటినుండి అతడు చేసిన పనులకంటె మానిన పనులే యెక్కువ. పొలము గట్టుమీద ఇద్దరు మనుష్యులు నిలిచి బెదరించి పోయిరి; పోలీసులకు ఫిర్యాదు చేయలేదు, చేసినచో విచారణకు ఇంటికి వత్తురు, ఇంట గింజల కుండలో ఆ వస్తువున్నది. పల్లెవెలుగు బస్సులో నిలువబడియే ప్రయాణము చేయును, కూర్చున్నచో చొక్కా పైకి లేచును. పెండ్లి భోజనమునకు పోడు. ఎనిమిదేండ్ల కుమారుని ముందువలె ఒడిలోనికి తీసికొనడు. ఒకనాడు నీళ్ల వంతు దగ్గర పొరుగువానితో మాట పెరుగగా తన చేయి తనకు తెలియకయే నడుముమీదికి పోయినదనియు, ఆ రాత్రి నిద్ర పట్టలేదనియు చెప్పెను. ఆ పొరుగువానికిని హత్యకును ఏ సంబంధమును లేదు! శత్రువునకై కొనిన ఆయుధము, పోలీసు రక్షణనుండియు, పొరుగువారి స్నేహమునుండియు, కన్నకొడుకునుండియు అతనిని వేరుచేసినది. శత్రువు చేయదలచిన పనిలో సగము అదియే చేసిపెట్టెను.

ఆత్మరక్షణ హక్కు లేదా యని కొందరు కోపగింతురు. కలదు. భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులు ఆ హక్కును గూర్చినవే. కాని అది హత్యానేరమునకు సమాధానము కాగలదు గాని లైసెన్సు లేని తుపాకికి సమాధానము కాజాలదు. బ్రతికి బయటపడినను అతడు ఆయుధముల చట్టము క్రింద ముద్దాయిగ నిలువవలసినదే.

మన పెద్దలు ఈ విషయమును ఆలోచింపక పోలేదు. 1878వ సంవత్సరమున లిట్టను ప్రభుత్వము చేసిన ఆయుధముల చట్టము దేశమునంతను నిరాయుధము చేసి, తెల్లవారికి మినహాయింపు నిచ్చెను. ఆ అవమానము గాంధీమహాత్ముని గూడ బాధించెను. 1930 జనవరిలో ఆయన ప్రభుత్వము ముందుంచిన 11 కోరికలలో, ప్రజల అదుపునకు లోబడి ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సు లియ్యవలెననునది యొకటి. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుట పౌరుని హక్కులలో నొకటిగ తీర్మానించెను. వారు కోరినది నలుగురెరుగ ధరించు ఆయుధమును. లైసెన్సు గలది, ప్రజల అదుపునందున్నది. పొరుగున నున్న కొడగుసీమలో నేటికిని కొడవలు కైల్‌పోద్ పండుగనాడు తుపాకులను ముంగిట నుంచి పూలు పెట్టి పూజింతురు. ఆ తుపాకి యెవరిదో ఊరందరికి తెలియును. గింజల కుండలోని పిస్తోలునకును దానికిని పోలిక యెక్కడ?

1948 జనవరి 20న బిర్లా భవనమున ప్రార్థనాసభ దగ్గర బాంబు పేలిన పిమ్మట, వచ్చువారిని సోదా చేసి లోనికి పంపుదుమని పోలీసువారు కోరిరి. మహాత్ముడు ఒప్పుకొనలేదు. పదియవ దినమున, బట్టలలో దాచిన బెరెట్టా పిస్తోలు ఆ సభలోనికి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే, ఆయుధము ధరించు హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని రాజ్యాంగసభలో కామతు సవరణ తేగా, అంబేద్కరు దానిని వ్యతిరేకించెను, సవరణ వీగిపోయెను. ఆ నిర్ణయము సరియైనదనియే మా అభిప్రాయము. అయితే ఆ దినముననే ప్రభుత్వము ఒక ఋణము నెత్తికెత్తుకొన్నది. పౌరుని చేతినుండి ఆయుధము తీసికొన్నవాడు ఆ చేయి చేయవలసిన పనిని తానే చేయవలెను.

ఆ ఋణము తీర్చుటకు ఉపాయము కాగితముమీద గలదు. 2018 డిసెంబరు 5న సుప్రీముకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి దేశమంతట అమలు పరుపుమని ఆజ్ఞాపించెను. జిల్లా జడ్జి అధ్యక్షుడుగ, జిల్లా పోలీసు అధికారి సభ్యుడుగ ఒక సంఘముండును. సాక్షి దరఖాస్తు పెట్టుకొన్నచో, ఆ ప్రాంతపు పోలీసు అధికారి ప్రమాదమెంతటిదో విచారించి 5 పనిదినములలో నివేదిక పంపవలెను. అది చేరిన 5 పనిదినములలో సంఘము దరఖాస్తును పరిష్కరింపవలెను. సాక్షిని కోర్టుకు తోడ్కొని వచ్చుట, తిరిగి కొనిపోవుట, ఇంటిచుట్టు గస్తీ, అవసరమైనచో నివాసము మార్చుట, ఇవన్నియు అందు గలవు. మంచి పథకమే. కాని ఒక్కొక్క పర్యాయము ఇచ్చు రక్షణ 3 మాసములకు మించరాదు. మన సెషన్సు కేసు లెన్ని మాసములు నడచునో, ఒక్క సాక్షికి ఎన్ని వాయిదాలు పడునో వరండాలో నిలిచిన ఏ గుమాస్తా నడిగినను చెప్పును. రక్షణకు గడువున్నది; పగకు గడువు లేదు. ఇంతకును ఈ పథకమొకటి కలదని తెలిసిన సాక్షు లెందరు? ప్రతి సాక్షి సమనుతోపాటు ఈ దరఖాస్తు నమూనా నొకదానిని తెలుగులో అచ్చువేసి పంపుటకు ఏమంత ఖర్చగును?

ఆనాడు మేము ఆ రైతుతో చెప్పినది ఇది: దీనిని మేము దాచము, నీవు లోనికి తేరాదు, మాతో పోలీసు స్టేషనునకు వచ్చి అప్పగింపుము, రక్షణకు దరఖాస్తు మేము వ్రాసెదము. అప్పగించినంత మాత్రమున నేరము మాసిపోవునని మాత్రము అతనికి చెప్పజాలక పోతిమి, అబద్ధమాడుట కిష్టపడలేదు. అతడు కొంతసేపు మావైపు చూచి, పత్రిక క్రిందనుండి దానిని తీసికొని, మారుమాటాడక పోయెను. సాక్షి హాజరు కాలేదని ఆ దినమున కోర్టు వారంటు పుట్టించెను. అన్నను పోగొట్టుకొన్నవానిమీద వారంటు!

నెల తరువాత అతడు తిరిగి వచ్చి దరఖాస్తుమీద సంతకము చేసెను. ఈ మారు చొక్కా లోపల నేమియు లేదు. ఆ వస్తువేమయినదని మేము అడుగలేదు, అతడును చెప్పలేదు. అడుగకుండుట వృత్తిధర్మమో పిరికితనమో నేటికిని మాకు తేలలేదు. సాక్ష్యమునాడు ఒక కానిస్టేబులు తోడు వచ్చెను. అతడు వణకకుండ చెప్పవలసినది చెప్పెను. ఎదుటి వకీలు రెండు గంటలు అడ్డుప్రశ్నలు వేసెను. అయిదు గంటలకు కానిస్టేబులు తన డ్యూటీ బస్టాండు వరకేనని చెప్పి సెలవు తీసికొనెను. అతనిని తప్పు పట్టము. అతనికిచ్చిన ఉత్తరువు అంతవరకే. రోడ్డుమీద బస్సు దిగిన పిమ్మట ఊరు చేరుటకు ఇంకను 4 మైళ్లు కాలినడక.

మా జూనియర్లు ఇద్దరు, పఠనాలయమున సాయంకాలము పత్రికలు చదువుకొను మిత్రులు ఎనమండ్రు, మేము, అందరము అతనితో బస్సెక్కితిమి. ఎవరిచేతను కర్రయైన లేదు. ఎండిన చెరువు కట్టమీదుగా పోవుచుండగా ఒక మోటారు సైకిలు ఎదురువచ్చి, మమ్ములను చూచి ఆగి, వెనుకకు మరలిపోయెను. అది యెవరిదో మాకు తెలియదు. ఎనిమిది గంటలకు ఊరు చేరితిమి. అతని తల్లి అందరికిని మజ్జిగ యిచ్చెను. తిరిగి వచ్చుటకు బస్సు లేనందున ఆ రాత్రి వారి అరుగుమీదనే పడుకొంటిమి.