లక్షకు తక్కువ జనం

రాష్ట్రంలో ఏ పట్టణంలోనూ ఆరుబయటికి వెళ్లేవారు లేరని 2016లోనే ప్రకటించేశారు. సరే, మన బొబ్బిలి శివారు పేటల్లోనూ దొడ్లు కట్టారు. వాటిలోంచి వెళ్లేది ఎటు పోతోందో అడిగిన నాథుడు లేడు.

సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకుడు గుంతలో ఇంకాలి, రెండు మూడేళ్లకోసారి అడుగు మడ్డి తోడించాలి. సెంటున్నర జాగాలో ఇల్లు కట్టుకున్నవాడు ఆ గుంత ఎక్కడ తవ్వుతాడు, నెత్తి మీదా? గొట్టం తెచ్చి వీధి కాలువలో పెడతాడు. కాలువ గెడ్డలో కలుస్తుంది. గట్టి వాన పడితే కాలువే ఇంట్లోకొస్తుంది.

భూగర్భ డ్రైనేజీ రాకపోవడానికి కారణం ఒక అంకె. 2015లో కేంద్రం అమృత్ పథకం తెచ్చి, ముఖ్యంగా లక్ష జనం దాటిన ఊళ్లకు అంది. 2011 లెక్కల్లో మనం 56,819 మందిమి. 2021లో రెండో విడత వచ్చింది. కుళాయిలు అన్ని పట్టణాలకూ అన్నారు, మురుగు గొట్టాలు మాత్రం మళ్లీ మొదటి విడతలోని 500 నగరాలకే! ఇచ్చిన నీళ్లలో నూటికి ఎనభై వంతులు మురుగై తిరిగొస్తాయని ఇంజినీర్ల లెక్కే చెబుతోంది. అదెక్కడికి పోవాలట?

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేని ఊళ్లో 70 అని 1999 నాటి కేంద్రం ప్రమాణం చెప్పింది. గొట్టం వెయ్యనిది వాళ్లు, నీళ్లు తగ్గింది మనకి.

చిన్న ఊళ్ల మురుగు శుద్ధిని స్వచ్ఛ భారత్ రెండో విడతలో చేర్చామంటారు. శుద్ధి కేంద్రం ఊరవతల కట్టవచ్చు. గుమ్మం దగ్గర నుంచి అక్కడిదాకా గొట్టం ఎవడేస్తాడు?

మురుగును పట్టించుకోకపోతే ప్రాణాల మీదికొస్తుంది. గుర్ల మన జిల్లాలోదే. 2024 అక్టోబరులో అక్కడ అతిసారంతో జనం చచ్చిపోతుంటే, పోయింది ఎందరన్న దాని మీద వాదులాడుకున్నారు. ఇక రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకు కడగడానికి మనిషిని దించడం 2013 నుంచి నేరం. దిగి చస్తే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చచ్చాక ఎంతో తేలింది గానీ, బతికుండగా గొట్టానికి పైసా లేదు.

పెద్దలొస్తే మన నాయకులు బొబ్బిలి వీణ చేతికిచ్చి ఫొటో దిగడానికి పోటీ పడతారే, ఆ లక్ష గీత ఎత్తెయ్యమని వాళ్ల మొహం మీద ఒక్కరైనా అడిగారా? లేకపోతే మేం లక్షమందిమి అయ్యేదాకా ఆగమంటారా?