మూల కలవాలి గదా!

మైపాడులో మా వడ్రంగి మేస్త్రీ గుమ్మాల బీడింగు పనికి అప్పుచేసి కరెంటు రంపం కొంటున్నాడు. పేరు పలకడానికే వూపిరి చాలదు: స్లైడింగ్ కాంపౌండ్ మైటర్ సా! అడ్డంగా తిరుగుతుంది, పక్కకు వొంగుతుంది, కడ్డీల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ జరగడంవల్లే వెడల్పు చెక్క ఒక్క కోతకు తెగేది. కనుక 12 అంగుళాల బ్లేడుకు ఎగబడనక్కర్లేదు; 10 అంగుళాలది చాలు. కొట్లోనే రెండు ముక్కలు 45 డిగ్రీలకు కోసి, కలిపి, మూలమట్టం పెట్టి చూడమన్నాను. ముందుకు లాగినప్పుడు రంపం పక్కలకు వూగిందా, వద్దు.

అయితే, చెమ్మ చెక్కకు యే రంపమూ పూచీ పడదు. తేమకు చెక్క అడ్డంగా వుబ్బుతుంది. పొడుగున పెరిగేది లేనట్టే. మన తీరాన అక్టోబరు, డిసెంబరు మధ్య వానల్లో బిగించిన మూల, వేసవిలో ఆరి లోపలివైపు నోరు తెరుస్తుంది. టేకుకు పోసిన డబ్బంతా ఆ సందులోంచి మనల్ని వెక్కిరిస్తుంది! ఇక కడ్డీలంటారా, ఉప్పుగాలికి తుప్పు పడతాయి. రోజూ పనయ్యాక పొట్టు దులిపి, తుడిచి, గుడ్డ కప్పాలి.