అద్దెలో కలిసిపోయిన పన్ను

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అద్దెకుండే తక్కువ ఆదాయం వారికి ఆస్తి పన్నులో కొంత భాగం ఏటా తిరిగి వస్తుంది. దీన్ని అక్కడ రెంటర్స్ క్రెడిట్ అంటారు. ఆస్తి పన్ను నోటీసు యజమాని పేరిట వస్తుంది, రసీదూ ఆయన పేరిటే ఉంటుంది. డబ్బు మాత్రం అద్దెల నుంచే వస్తుంది. కట్టేది అద్దెదారు కాబట్టి, ఆదాయానికి మించి కట్టినప్పుడు అందులో కొంత అతనికే తిరిగి ఇవ్వాలన్నది ఈ ఏర్పాటు వెనకున్న న్యాయం.

ఆస్తి పన్ను మనిషి ఆదాయాన్ని చూడదు. ఉద్యోగం పోయినా, పింఛను మీద బతుకుతున్నా అదే పన్ను. ఈ లోపాన్ని సరిదిద్దే పథకాన్ని 1964లో మొదట విస్కాన్సిన్ రాష్ట్రం తెచ్చింది. పొరుగునే ఉన్న మిన్నెసోటా 1975లో తన పథకాన్ని విస్తరించి, సొంత ఇంటివారితో పాటు అద్దెదారులకూ వర్తింపజేసింది.

లెక్క ఇలా ఉంటుంది. ఏడాదిలో కట్టిన అద్దెలో 17 శాతాన్ని చట్టం ఆస్తి పన్నుగా పరిగణిస్తుంది. నెలకు 900 డాలర్ల అద్దె కట్టేవారి ఏడాది అద్దె 10,800 డాలర్లు; అందులో పన్ను వాటా 1,836 డాలర్లు. ఇదంతా తిరిగి రాదు. కుటుంబ ఆదాయంలో నిర్ణీత శాతం వరకు అద్దెదారే భరించాలి. దానికి మించిన మొత్తంలో మాత్రం చాలా భాగాన్ని ప్రభుత్వం ఇస్తుంది. ఆదాయం పెరిగేకొద్దీ సాయం తగ్గి, ఏడాదికి సుమారు 75 వేల డాలర్లు దాటాక ఆగిపోతుంది. ఆస్తి పన్ను మినహాయింపు ఉన్న విశ్వవిద్యాలయ హాస్టళ్ల వంటి భవనాల్లో ఉండేవారికి ఇది వర్తించదు. పన్ను కట్టని చోట తిరిగి ఇచ్చేదీ ఉండదు. దీన్ని సంక్షేమ పథకాల జాబితాలో వేసి కోత పెట్టాలనేవారు ఈ ఒక్క నిబంధన చదివితే చాలు, ఇది పన్ను వాపసేనని తెలుస్తుంది.

సొంత ఇల్లున్నవారికి దక్కుతున్న రాయితీలతో పోల్చితే ఇది పెద్దదేమీ కాదు. మిన్నెసోటాలో యజమాని తానే నివసించే ఇంటికి 5 లక్షల డాలర్ల విలువ వరకు పన్ను వర్గీకరణ రేటు 1 శాతం. అపార్ట్‌మెంట్ భవనాలకు 1.25 శాతం. సొంత నివాసానికి విలువలో కొంత మినహాయింపు కూడా ఉంది, అద్దె భవనానికి అది లేదు. ఇక ఫెడరల్ ఆదాయపు పన్నులో 7.5 లక్షల డాలర్ల వరకు గృహరుణంపై వడ్డీని ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు. అద్దెకు అలాంటి సదుపాయం లేదు. ఇల్లు కొనగలిగినవారికి ఇన్ని దారులు తెరిచి, కొనలేనివారికున్న ఒక్క దారిని ఇరుకు చేయడం అన్యాయం.

ఆ అన్యాయం జరిగింది కూడా. 2009లో బడ్జెట్ లోటు వచ్చినప్పుడు, పన్నులు పెంచనని పట్టుబట్టిన గవర్నర్ టిమ్ పాలెంటీ, శాసనసభతో ఒప్పందం కుదరకపోవడంతో తన అధికారంతోనే ఖర్చులు కోశారు. అప్పటికి 19 శాతంగా ఉన్న అద్దెదారుల పన్ను వాటా ఆ కోతలో 15 శాతానికి పడిపోయింది. 900 డాలర్ల అద్దె కట్టేవారి లెక్కలో ఒక్కసారిగా 432 డాలర్లు మాయమయ్యాయి. గవర్నర్ ఆ అధికారాన్ని వాడిన తీరు చట్టవిరుద్ధమని 2010 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు మరో కోతకు సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. అయినా ఖజానాలో డబ్బు లేదంటూ శాసనసభే ఆ కోతల్ని ఆమోదించింది. 2011లో ప్రభుత్వం 20 రోజులు మూతపడ్డాక కుదిరిన బడ్జెట్‌లో వాటా 17 శాతం దగ్గర ఆగింది. పాత 19 తిరిగి రాలేదు. పన్నులు పెంచలేదని చెప్పుకున్న ఆ ఏళ్లలోనే, పేద అద్దెదారులు కట్టే నికర పన్ను పెరిగింది.

కాలిఫోర్నియా అనుభవం మరోలా ఉంది. అక్కడ అద్దెదారుల రాయితీని 1993 నుంచి 1997 వరకు నిలిపివేశారు. 1998లో మళ్లీ ఇచ్చారు గానీ, కట్టాల్సిన ఆదాయపు పన్నులోంచి మాత్రమే తగ్గించుకునేలా మార్చారు. ఒంటరి వ్యక్తికి 60 డాలర్లు, దంపతులకు 120. ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన లేనివారికి, అంటే అసలు అవసరం ఉన్నవారికి, ఒక్క డాలరూ రాదు. పథకం పేరు మిగిలింది, ప్రయోజనం పోయింది. మిన్నెసోటాలో పన్ను బాకీ లేకపోయినా డబ్బు చేతికొస్తుంది. అన్నిటికంటే ముందు కాపాడుకోవాల్సింది ఈ లక్షణాన్నే.

యజమానులు పన్ను మొత్తాన్నీ అద్దెలోకి నెట్టలేరని కొందరు ఆర్థికవేత్తలు వాదిస్తారు. స్థలంపై పడే భాగం విషయంలో ఆ వాదనకు బలముంది. కానీ చట్టం పన్నుగా లెక్కించేది అద్దెలో 17 శాతాన్నే, తిరిగిచ్చేది అందులోనూ కొంతే.

2023లో చేసిన చట్టం ప్రకారం 2024 అద్దెల నుంచి ఈ క్రెడిట్‌ను రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్న్‌లో కలిపారు. వేసవి చివర్లో వచ్చే డబ్బు ఇప్పుడు వసంతంలోనే అందుతుంది. ఇది మంచి మార్పే. అయితే రిటర్న్ వేయాల్సిన అవసరమే లేని వృద్ధులు, అతి తక్కువ ఆదాయం వారు ఇకపై దీనికోసమే రిటర్న్ వేయాలి. చెప్పేవారు లేకపోతే వదిలేసేది వారే. శాతం తగ్గించకుండానే పథకం కుంచించుకుపోయే ప్రమాదం ఇక్కడుంది. ఉచితంగా రిటర్నులు నింపిపెట్టే కేంద్రాలకు నిధులు పెంచాలి.

భారతదేశంలో దీనికి దగ్గరగా ఉన్నది 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జీజీ సెక్షన్. ఇంటి అద్దె భత్యం లేనివారికి నెలకు 5,000 రూపాయల వరకు మినహాయింపునిచ్చిన సెక్షన్ అది. ఆ పరిమితి పెట్టింది 2016లో. కొత్త పన్ను విధానంలో అది కూడా లేదు. హైదరాబాద్‌లో ఇంటి పన్నును అద్దె విలువ ఆధారంగానే లెక్కిస్తారు. అయినా ఒంటి గది అద్దెకు తీసుకున్న కూలీకి ఆ పన్నులో తిరిగొచ్చేది సున్నా. మిన్నెసోటా పద్ధతి ఇక్కడి పురపాలకులూ పరిశీలించాల్సినది.

మిన్నెసోటాలో అద్దెకుంటున్న తెలుగు కుటుంబాలు జనవరి 31లోగా యజమాని ఇవ్వాల్సిన అద్దె ధ్రువపత్రాన్ని అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే రెవెన్యూ శాఖ నుంచి అఫిడవిట్ పొందవచ్చు. ఆదాయం ఎక్కువై అర్హత లేనివారు పక్కింటి వృద్ధులకైనా ఈ మాట చెప్పాలి. బడ్జెట్ లోటు పేరుతో 17 శాతంపై మళ్లీ కత్తెర పడబోతే, తమ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయాలి.